చూపంతా కోర్టు బయటే

సానియా మీర్జా గురించి ఏం తెలుసని హైదరాబాద్‌లో ఏ ఇరానీ హోటల్లోనైనా నలుగురిని అడిగి చూడండి. ముక్కుపుడక గుర్తుంటుంది. స్కర్టు గొడవ గుర్తుంటుంది. 2010 ఏప్రిల్‌లో పెళ్లి కబుర్ల కోసం పరుగులు పెట్టిన టీవీ వ్యాన్లు గుర్తుంటాయి. పాకిస్తాన్ కోడలని ఓ నాయకుడు అన్న మాట, దానికి ఆమె ఇచ్చిన జవాబు, ఆ తర్వాత విడాకులు, అన్నీ వరసపెట్టి చెప్పేస్తారు. అదే నలుగురిని ఇంకో మాట అడగండి. 2015 వింబుల్డన్ ఫైనల్లో ఆమె ఎవరిమీద గెలిచింది? ఆఖరి సెట్లో స్కోరెంత ఉండగా మ్యాచ్ మలుపు తిరిగింది? చాయ్ చల్లారిపోతుంది గానీ సమాధానం రాదు.

తప్పు ఆ నలుగురిదీ కాదు. ఇరవై ఏళ్లపాటు పేపర్లూ టీవీలూ ఆమె గురించి చెప్పినదానికి లెక్కే లేదు, అందులో ఆట వాటా మాత్రం పిసరంత. ఆ ఫోర్‌హ్యాండ్ ఎక్కడినుంచి వచ్చింది, సింగిల్స్ ఎందుకు వదిలేసింది, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ ఎలా అయింది అని ఓపిగ్గా రాసినవాళ్లు తక్కువ. సానియా తన టైటిళ్లు తాను గెలుచుకుని ఇంటికి వెళ్లిపోయింది. నష్టం మనకు మిగిలింది. ఒక చాంపియన్ ఎలా తయారైందో గమనించని ఊరికి రెండో చాంపియన్‌ను తయారుచేసుకోవడం ఎలా తెలుస్తుంది?

అందుకే ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టాలి. 2015 జులై 11, వింబుల్డన్ సెంటర్ కోర్టు. నెట్‌కు అవతల రష్యా జోడీ ఎకతెరీనా మకరోవా, ఎలెనా వెస్నినా. వెస్నినా సానియాకు బాగా తెలిసిన మనిషే. 2011లో ఇద్దరూ జోడీ కట్టి ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లారు. ఇవతల సానియా పక్కన మార్టినా హింగిస్. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్లో 2-5. ఇంకొక్క గేమ్ పోతే కప్పు అటు వెళ్లిపోతుంది. అక్కడినుంచి ఒక్కో గేమే లాక్కుంటూ 5-5కు తెచ్చారు. ఈలోగా వెలుతురు తగ్గింది. ఆట ఆపి, కోర్టు పైకప్పు మూసి, లైట్లు వేశారు. మళ్లీ మొదలయ్యాక రెండు గేములూ వీళ్లవే.

5-7, 7-6, 7-5. మహిళల డబుల్స్‌లో ఒక భారతీయురాలు గ్రాండ్‌స్లామ్ గెలవడం అదే మొదటిసారి.

ఆ జోడీ ఆట తీరు చూస్తే సానియా కథ సగం అర్థమవుతుంది. ఆమె నిలబడేది కుడి సగంలో, హింగిస్ ఎడమ సగంలో. కుడివైపు వచ్చిన సర్వీసును సానియా ఫోర్‌హ్యాండ్‌తో బాదుతుంది, దాన్ని తడబడుతూ తిప్పి పంపిన బంతిని నెట్ దగ్గర కాపు కాసిన హింగిస్ ఖాళీ చూసి పడేస్తుంది. సానియా కీళ్లు మామూలు మనుషులకంటే ఎక్కువ వంగుతాయి, మణికట్టు మరీను. బంతి దగ్గరకు వచ్చేదాకా రాకెట్ వెనకే ఉండిపోతుంది. కర్రాబిళ్ల ఆడే పిల్లాడు చివర్లో చెయ్యి తిప్పి బిళ్లను ఎవరూ లేనివైపు లేపినట్టు, ఆఖరి క్షణంలో ఆ మణికట్టు విదిలింపుతో బంతి దిశ తేలుతుంది. ఎటు వస్తుందో పోల్చుకునేసరికి అది దాటిపోయి ఉంటుంది. ఆ మణికట్టే ఆమె ఆస్తి. కొన్నేళ్లకు అప్పు కూడా అదే అయింది.

ఆ ఫోర్‌హ్యాండ్ ఏ విదేశీ అకాడమీలోనూ పుట్టలేదు. 1986 నవంబర్ 15న ముంబైలో పుట్టిన సానియా పసితనంలోనే హైదరాబాద్ వచ్చేసింది. ఆరేళ్ల వయసులో తల్లి నసీమా నిజాం క్లబ్‌కు తీసుకెళితే, ఇంత చిన్నపిల్లకు నేర్పడం కుదరదని అక్కడి కోచ్ మొదట అన్నాడు. నెల తిరక్కుండా ఆయనే తల్లిదండ్రులకు కబురు పెట్టాడు, ఈ వయసులో ఇలా కొట్టే పిల్లను చూడలేదు, వచ్చి చూడమని. అప్పట్లో ఆమె ఆడిన కోర్టుల్లో పేడతో అలికినవి కూడా ఉన్నాయి. బంతి ఎక్కడ ఎంత లేస్తుందో ముందే తెలియని అలాంటి నేలమీద నిలబడాలంటే కళ్లూ చెయ్యీ చివరిదాకా అప్రమత్తంగా ఉండాలి. తండ్రి ఇమ్రాన్ మీర్జా కోచ్ అయ్యారు, తల్లి టోర్నీలకు తోడు వెళ్లే మేనేజర్ అయింది. సికింద్రాబాద్‌లోని సిన్నెట్ అకాడమీ ఉంది, మహేశ్ భూపతి తండ్రి సీకే భూపతి సలహా ఉంది, కాలేజీకి కూడా రాకముందే జీవీకే సంస్థ స్పాన్సర్‌గా వచ్చింది. సమాఖ్య తయారుచేసి ఇచ్చిన దారి ఒక్కటీ లేదు. ఇల్లే అకాడమీ, ఇల్లే ఆఫీసు.

అయినా ఇల్లొక్కటే చాలలేదు. ఊరు ఇచ్చింది ఒకటుంది. దాన్నే మనం పూర్తిగా మరిచిపోయాం.

2003లో హైదరాబాద్‌కు మహిళల ప్రొఫెషనల్ టూర్ టోర్నీ వచ్చింది. ఏపీ టూరిజం పేరుతో నడిచిన హైదరాబాద్ ఓపెన్. ఇలాంటి టోర్నీల్లో నిర్వాహకుల చేతిలో కొన్ని వైల్డ్‌కార్డులుంటాయి, ర్యాంకింగ్ చాలని స్థానిక ఆటగాళ్లను నేరుగా మెయిన్ డ్రాలో ఆడించడానికి. అలా పదహారేళ్ల సానియా సొంతూళ్లో తొలిసారి పెద్దవాళ్ల టూర్‌లో అడుగుపెట్టింది, తొలి రౌండ్‌లో మూడు సెట్లాడి ఓడింది. 2004లో మళ్లీ ఆడింది, సింగిల్స్‌లో మళ్లీ తొలి రౌండే. కానీ ఆ వారమే దక్షిణాఫ్రికా క్రీడాకారిణి లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. ఫైనల్లో ఓడిన చైనా జోడీ లీ టింగ్, సున్ టియాన్‌టియాన్ అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్వర్ణం పట్టుకెళ్లారు. ఇక 2005 ఫిబ్రవరి 12. లాల్ బహదూర్ స్టేడియం టెన్నిస్ కోర్టులో అల్యోనా బొండారెంకోతో ఫైనల్. 6-4, 5-7, 6-3. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆ గ్యాలరీల మధ్య తేలింది.

మూడేళ్లలో మూడు మెట్లు. మొదటి ఏడు రుచి చూసింది, రెండో ఏడు డబుల్స్ గెలిచింది, మూడో ఏడు సింగిల్స్ గెలిచింది. విమాన టికెట్ లేదు, వీసా లేదు, హోటల్ బిల్లు లేదు. పొద్దున ఇంట్లో తిని కోర్టుకు వెళ్లి ప్రపంచస్థాయి ఆటగాళ్లతో తలపడే సౌకర్యం. ఫైనల్ గెలిచాక ఊరంతా సంబరం చేసుకుంది. 2006లో ఆ టోర్నీ బెంగళూరు వెళ్లిపోయింది, 2008 తర్వాత అక్కడా ఆగిపోయింది. మెట్లు తీసేశాక పైకెక్కిన పిల్లకు దండలు వేస్తూ కూర్చున్నాం.

2005 ఆమెకు ఊపిరి సలపని ఏడాది. జనవరిలో వైల్డ్‌కార్డుతో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఆడి మూడో రౌండ్‌లో సెరెనా విలియమ్స్‌కు ఎదురు నిలిచింది. 1-6, 4-6. ఓడినా రెండో సెట్లో దేశమంతా కుర్చీ అంచుకు జరిగింది. మార్చిలో దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను వరస సెట్లలో ఓడించింది. సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో మరియన్ బార్తోలిని దాటి నాలుగో రౌండ్‌కు చేరింది. అక్కడ షరపోవా ఆపింది. ఒక భారతీయురాలు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంత దూరం పోవడం అదే తొలిసారి. ఆ ఏడాది ఉత్తమ కొత్త క్రీడాకారిణిగా డబ్ల్యూటీఏ ఆమెనే ఎంచుకుంది.

సరిగ్గా అప్పుడే చర్చ కోర్టు దాటి బయటకొచ్చింది. స్కర్టు పొడవు మీద కొందరు మత పెద్దలు అభ్యంతరం చెప్పారు. పోలీసు బందోబస్తు మధ్య ఆడాల్సి వచ్చింది. టీ షర్టు మీద ఏం రాసుందన్నది వార్త, ఆ టీ షర్టు వేసుకుని ఎవరిని ఓడించిందన్నది లోపలి పేజీ. 2008 జనవరిలో పెర్త్‌లో హాప్‌మన్ కప్ ఆడుతుండగా తీసిన ఫొటోలో ఆమె పాదాలు జెండావైపు ఉన్నట్టు కనిపించాయి. కెమెరా పెట్టిన కోణం చూడాల్సిన చోట దేశభక్తి కొలతలు మొదలయ్యాయి, కేసు కూడా పెట్టారు. ఆ మార్చిలో జరిగిన బెంగళూరు టోర్నీకి ఆమె దూరంగా ఉండిపోయింది. సొంత దేశంలో ఆడినప్పుడల్లా ఏదో ఒక గొడవ నెత్తిన పడుతోందన్నది ఆమె బాధ. ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి సొంత గడ్డమీద ఆడడానికి జంకితే, ఆ ఏడాది ఆ మైదానంలో ఆమె ఆట చూసి రాకెట్ పట్టాల్సిన పిల్లలు ఎంతమంది ఇంట్లోనే ఉండిపోయారో ఎవరు లెక్కపెడతారు?

ఈ గోల మధ్యే సింగిల్స్‌లో శిఖరానికి చేరింది. 2007 ఆగస్టులో ప్రపంచ ర్యాంకు 27. అంతకు కాస్త ముందే అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ టోర్నీ ఫైనల్ ఆడింది. ఆమెకు ముందూ తర్వాతా ఏ భారతీయురాలూ సింగిల్స్‌లో తొలి వందమందిలోకి రాలేదు. ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ 27 అలాగే ఉంది.

తర్వాత శరీరం ఎదురు తిరిగింది. బంతిని అంత కోణంలో తిప్పిన మణికట్టు ఆ ఒత్తిడినంతా లెక్కరాసి పెట్టుకుంది. 2008లో శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడే బీజింగ్ ఒలింపిక్స్ సింగిల్స్ తొలి మ్యాచ్ మధ్యలోనే నొప్పితో తప్పుకుంది. మోకాళ్లకూ కోతలు పడ్డాయి. ఒక దశలో తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదని ఆమే తర్వాత చెప్పుకుంది. ప్రపంచంలో అందరికంటే బలంగా ఫోర్‌హ్యాండ్ కొట్టేవాళ్లలో ఒకరు దువ్వెన పట్టుకోలేకపోవడం! సింగిల్స్ ఆటగాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొందరు ఒప్పుకోలేక ర్యాంకింగ్ జారుతున్నా ఈడుస్తారు.

సానియా లెక్క వేసుకుంది. 2013లో సింగిల్స్ వదిలేస్తున్నానని చెప్పేసింది. చాలామందికి అది వెనకడుగుగా కనిపించింది. టెన్నిస్ కోర్టు కొలతలు చూస్తే ఆ నిర్ణయంలోని తెలివి తెలుస్తుంది. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, అదంతా ఒక్కరే కాపలా కాయాలి. డబుల్స్‌లో రెండు పక్కలా గళ్లు కలిసి 36 అడుగులవుతుంది, ఇద్దరు పంచుకుంటే మనిషికి 18. ఆమె బలహీనతలు రెండు, పరుగు, రెండో సర్వీసు. పరుగు భారం మూడోవంతు తగ్గింది. సర్వీసు మెత్తగా పడినా నెట్ దగ్గర తోడు ఉంది. బలం మాత్రం రెట్టింపు పనికొచ్చింది, ఎందుకంటే డబుల్స్ మొత్తం సర్వీసు తిప్పికొట్టే మొదటి దెబ్బ మీదే నడుస్తుంది. ఉన్న ఒంటికి తగ్గ ఆటను ఎంచుకోవడం ఒక కళ. మన వ్యాసాల్లో మాత్రం దానికి పేరు ‘గాయంతో ముగిసిన సింగిల్స్ కెరీర్’.

జోడీని ఎంచుకోవడం ఇంకో కళ. కారా బ్లాక్‌తో కలిసి 2014 చివర సీజన్ ముగింపు డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది. 2015 మార్చిలో హింగిస్‌తో జతకట్టింది. పదిహేనేళ్లకే వింబుల్డన్ డబుల్స్ గెలిచిన స్విట్జర్లాండ్ బాలమేధావి, ఆట వదిలేసి రెండుసార్లు తిరిగొచ్చిన మనిషి హింగిస్. ఈ జంట ఇండియన్ వెల్స్, మియామీ, చార్ల్స్‌టన్, ఆడిన మొదటి మూడు టోర్నీలూ గెలిచింది. చార్ల్స్‌టన్ తర్వాత, 2015 ఏప్రిల్ 13న, సానియా డబుల్స్ ప్రపంచ నంబర్ వన్. వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ వరసగా వచ్చాయి. వరసగా 41 మ్యాచ్‌లు ఓటమి ఎరగకుండా ఆడారు. 2016 ఆగస్టులో విడిపోయారు. ఆ వెంటనే సిన్సినాటి ఫైనల్లో సానియా, బర్బోరా స్ట్రికోవా జోడీ ఎదుట నిలిచింది హింగిసే. సానియా గెలిచింది, నంబర్ వన్ ర్యాంకు తనొక్కదానిదే అయింది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. డబుల్స్ టైటిళ్లు 43. మిక్స్‌డ్‌లో మహేశ్ భూపతితో రెండు, బ్రూనో సోరెస్‌తో ఒకటి కూడా కలిపితే మొత్తం గ్రాండ్‌స్లామ్‌లు ఆరు.

డబుల్స్ రెండో తరగతి ఆటేగదా అనేవాళ్లున్నారు. ఆ వాదనలో కొంత నిజముంది. ప్రైజ్‌మనీ తక్కువ, సింగిల్స్ మేటి క్రీడాకారిణులు చాలామంది డబుల్స్ ఆడరు, ప్రేక్షకులూ పలచన. సింగిల్స్‌లో 27వ ర్యాంకు బరువు దానికుంది. అంతమాత్రాన డబుల్స్ నంబర్ వన్ ఓదార్పు బహుమతి అయిపోదు. ఏ ఆటలోనైనా సరే, ప్రపంచంలో ఒకటో నంబర్ అయి దాదాపు రెండేళ్లు అక్కడే నిలిచిన తెలుగునేల క్రీడాకారులు ఎంతమంది ఉన్నారో వేళ్లు మడిచి చూసుకోవచ్చు. 2016లో ఆమె ఆత్మకథ వచ్చినప్పుడు ఓ టీవీ ఇంటర్వ్యూలో స్థిరపడేదెప్పుడు, తల్లయ్యేదెప్పుడు అని అడిగారు. నంబర్ వన్‌గా ఉన్న మనిషి ఇంకా స్థిరపడనట్టు ఎందుకు అనిపిస్తోందో చెప్పమని ఆమె ఎదురడిగింది. అడిగిన పాత్రికేయుడు అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు. ఆయనొక్కడే చెప్పాడు.

సమాఖ్యలూ ఆమెను క్రీడాకారిణిగా చూడడానికి తడబడ్డాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు మగవాళ్ల జోడీల తగాదా ముదిరినప్పుడు, అలిగిన లియాండర్ పేస్‌ను బుజ్జగించడానికి మిక్స్‌డ్‌లో సానియాను ఆయనకు జోడీగా ప్రకటించారు. తనను ఎరగా వాడుకున్నారని ఆమె బహిరంగ లేఖలో రాసింది. అంతకు కొద్దిరోజుల ముందే ఆమె భూపతితో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి ఉంది. నాలుగేళ్లకు రియోలో రోహన్ బోపన్నతో కలిసి పతకం అంచుదాకా వెళ్లి నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. ఆసియా క్రీడలు మాత్రం ఆమెకు కలిసొచ్చాయి. 2014 ఇంచియాన్‌లో విశాఖ కుర్రాడు సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్ స్వర్ణం గెలిచింది.

2018 అక్టోబర్‌లో కొడుకు ఇజాన్ పుట్టాడు. 26 కిలోలు తగ్గించుకుని 2020 జనవరిలో హోబార్ట్‌లో ఆడింది, అడుగుపెట్టిన టోర్నీనే నాడియా కిచెనోక్‌తో కలిసి గెలుచుకుంది. ఆ మార్చిలో ఫెడ్ కప్‌లో అంకితా రైనాతో కలిసి ఆడి జట్టును తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేర్చింది. దానికి వచ్చిన ఫెడ్ కప్ హార్ట్ అవార్డు డబ్బును తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చేసింది. అంతకు ఆరేళ్ల ముందు ఆమెకు బ్రాండ్ అంబాసిడర్ హోదా ఎందుకని రగడ జరిగిన రాష్ట్రానికే.

ఇప్పుడు ఇదే ఊళ్లో ఇంకో ఆటను పక్కన పెట్టి చూడాలి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు ప్రభుత్వం గచ్చిబౌలిలో స్థలమిచ్చింది, ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు, ఒక పారిశ్రామికవేత్త విరాళమిచ్చారు. 2008లో అకాడమీ తెరుచుకుంది. సైనా లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది, సింధు రియోలో రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చింది. కింద ఇంకా వరస కట్టి పిల్లలున్నారు. ఒక చాంపియన్ బడిగా మారితే ఏమవుతుందో ఊరు కళ్లారా చూసింది. సానియా కూడా 2013లో మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో అకాడమీ పెట్టింది. అక్కడినుంచి సింధులు ఎందుకు రాలేదని అడగడం తేలిక. రెండు ఆటల ఆర్థికం వేరని తెలుసుకుంటే ఆ ప్రశ్న మారుతుంది. బ్యాడ్మింటన్‌లో ఒకే హాలులో పదేళ్లు సాధన చేసి, జాతీయ సమాఖ్య పంపితే దేశం తరఫున విమానం ఎక్కొచ్చు. టెన్నిస్‌లో ప్రతి అమ్మాయీ ఒక చిన్న కంపెనీ. కోచ్ జీతం, టికెట్లు, హోటళ్లు అన్నీ తనవే. ర్యాంకింగ్ పాయింట్లు 52 వారాలకు చెల్లిపోతాయి, నిరుడు ఒక టోర్నీలో సంపాదించినవి ఈ ఏడు అంతకంత తేకపోతే మెట్టు దిగిపోవడమే. ఆ పాయింట్ల కోసం నెలల తరబడి పరాయి దేశాల చిన్న ఊళ్లు తిరగాలి. ఎంత మంచి అకాడమీ అయినా ఈ ఖర్చును తగ్గించలేదు. సొంతూళ్లో జరిగే టోర్నీ తగ్గిస్తుంది.

అంటే హైదరాబాద్‌కు కావాల్సింది ఇంకో సన్మానసభ కాదు. 2003 నుంచి 2005 దాకా ఉన్నదాన్ని తిరిగి తెచ్చుకుంటే చాలు. చెన్నై 2022లో ఒకసారి, 2025లో ఇంకోసారి డబ్ల్యూటీఏ టూర్ టోర్నీ నిర్వహించింది. ముంబై అంతకు ఒక మెట్టు కింది టోర్నీని నడుపుతోంది. హైదరాబాద్ అమ్మాయిలే సహజ యమలపల్లి, భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఇప్పుడు దేశం తరఫున ఆడుతున్నారు. 2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్‌లో భారత్ ప్లేఆఫ్స్‌కు చేరిన జట్టులో వీళ్లున్నారు. ఇద్దరూ సానియాను టీవీలో చూస్తూ పెరిగిన తరం. ఆ స్థాయి మ్యాచ్ ఆడాలంటే మాత్రం వీళ్లు సొంతూరినీ, సొంత జనాన్నీ వదిలి వేరే నగరానికి రైలో విమానమో ఎక్కాల్సిందే. అందాల పోటీలకూ, కార్ల రేసులకూ వేదికైన నగరానికి ముప్పై రెండు మంది అమ్మాయిలతో ఒక వారం టెన్నిస్ నడపడం తలకు మించిన భారమా? వైల్డ్‌కార్డులు నాలుగుంటే నాలుగిళ్ల ఖర్చు తగ్గుతుంది. గ్యాలరీలో బడిపిల్లలకు ఉచిత ప్రవేశమివ్వడానికి వేరే ఖర్చేం లేదు.

ఇది ప్రభుత్వాల పని మాత్రమే కాదు. మీడియా వాటా కూడా ఉంది. శ్రీవల్లి ఏ చేత్తో సర్వీసు చేస్తుందో, సహజ ఎక్కడ మెరుగుపడాలో రాసే పేజీ తెలుగు పేపర్లలో ఎంతుందో ఎవరైనా కొలవొచ్చు. రేపు వాళ్లలో ఒకరి పెళ్లయితే ఎంత రాస్తారో కొలవడానికి మాత్రం స్కేలు అక్కర్లేదు.

2023 జనవరి 27న మెల్‌బోర్న్‌లో బోపన్నతో కలిసి సానియా తన చివరి గ్రాండ్‌స్లామ్ ఫైనల్ ఆడింది. బ్రెజిల్ జోడీ లూయిసా స్టెఫానీ, రఫేల్ మాటోస్ చేతిలో ఓడింది. మైకు పట్టుకుని, 2005లో ఇదే ఊళ్లో పద్దెనిమిదేళ్ల పిల్లగా సెరెనాతో ఆడిన సంగతి గుర్తుచేసుకుంటూ కళ్లు తుడుచుకుంది. పక్కన నాలుగేళ్ల ఇజాన్ ఉన్నాడు. మరుసటి నెల దుబాయ్‌లో మాడిసన్ కీస్‌తో ఆడిన మ్యాచ్ ఆమె ఆఖరి అధికారిక మ్యాచ్. 

ఆ తర్వాత మార్చి 5న ఆమె లాల్ బహదూర్ స్టేడియానికి వచ్చింది. బోపన్న, కారా బ్లాక్, బెథనీ మాటెక్ శాండ్స్, ఇవాన్ డోడిగ్ వచ్చారు. సినిమావాళ్లు, క్రికెటర్లు, నాయకులు వచ్చారు. బడిపిల్లలు గ్యాలరీ నిండా కూర్చుని ఆమె ఫోర్‌హ్యాండ్ కొట్టినప్పుడల్లా కేక పెట్టారు. బొండారెంకోను ఓడించిన ఆవరణే అది. మధ్యలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఆ పద్దెనిమిదేళ్లలో అక్కడ డబ్ల్యూటీఏ టూర్ టోర్నీ ఒక్కటీ జరగలేదు. ఆ ఆదివారం కేకలు పెట్టిన పిల్లలకు అక్కడ ఇంకో పెద్ద మ్యాచ్ చూసే రోజు ఎప్పుడొస్తుందో ఆ వేదిక మీది పెద్దలెవరూ చెప్పలేదు.